కాదు అనడానికి గడి లేని కాగితం

ఈ నెల మొదటి ఆదివారం బిలాస్‌పూర్‌లో, తార్‌బహార్ పేటలోని మా తెలుగు సంఘం గదిలో ఒక సంతాప సభ జరిగింది. పోయినాయన గురించి ఒక పేజీ రాసి చదవమని నాకు అప్పగించారు. సంఘంలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నా, తప్పుల్లేకుండా రాసేవాళ్ళం నలుగురైదుగురం మిగిలాం. రాశాను, చదివాను. ఆ పేజీలో ఒక్క అబద్ధం లేదు. సంఘానికి ఆయన మైకు సెట్టు ఇప్పించిన సంగతి, అందరి పిల్లల చదువులూ పేరుపేరునా అడిగే సంగతి, మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు సైటు జీపు పంపించిన సంగతి, అన్నీ రాశాను. జనం తలలూపారు. చివరి వరసలో గోడకానుకొని కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం ఊపలేదు. సభ అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నాతో అన్నాడు.

"బాగా రాసినావురా. అచ్చరం తప్పు నేదు. మరి అందులో నానేటైపోనాను?"

ఆ మాట అన్నది సింహాచలం మావ. ఒకప్పుడు ఊళ్ళో పెద్ద మేస్త్రి. ఇంటికొచ్చి ఆ పేజీ మళ్ళీ చదువుకున్నాను. ఒక మనిషి బతుకు తారుమారైన సంగతి అందులో ఎక్కడా లేదు. పోయినాయన గురించి ఇంకెవరూ తెలుగులో రాయరు. నేను రాసిందే మిగిలిపోతుంది. అందుకని ఇది కూడా రాసి దాని పక్కన పెట్టాలనుకున్నాను.

ఆయన పేరు రాయను. పేరు రాస్తే, "ఓహో, ఫలానావాడు అలాంటివాడట" అని చదివేవాళ్ళు పక్కన పెట్టేస్తారు. అలాంటివాళ్ళ కింద ఆ తర్వాత కూడా నేను పనిచేశాను. మేం ఆయన్ని సార్ అనేవాళ్ళం. ఇక్కడా సార్ అనే అంటాను.

సార్ చేతి గడియారం పది నిమిషాలు ముందుండేది. కావాలనే అలా పెట్టుకున్నాడు. ఎనిమిదింటికి మీటింగంటే ఆయన ఎనిమిది. మా గోడ గడియారం ఎంతైనా చూపించనీ, ఆయన మణికట్టు ఎత్తి చూపించేవాడు. "లోకం టైమ్ లోకానిది. మన టైమ్ ఇదీ." మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత మేమందరం మా గడియారాలు పది నిమిషాలు ముందుకు తిప్పుకున్నాం. ఆ తర్వాత ఆయన తనది ఇంకో ఐదు నిమిషాలు ముందుకు జరుపుకున్నాడు.

చలికాలంలో మీటింగుకి కమలాపండ్లు తెచ్చేవాడు. తొక్క తెగకుండా ఒకే పట్టీగా వొలిచి, తొనలు విడదీసి, ముందు సిమెంటు కలిపే ఆడకూలీలకు, తర్వాత మాకు పంచేవాడు. చివరికి తనకు ఉండేది కాదు. అలాంటప్పుడు ఆయన మీద ప్రాణం పెట్టాలనిపించేది. ఈ మాట నిజం. చెడ్డవాడైతే నేనిది రాయాల్సిన పనే ఉండేది కాదు. చెడ్డవాడి ముందు మనుషులు జాగ్రత్తగా ఉంటారు.

ఫోన్లో కంపెనీ పెద్దలతో మాట్లాడేటప్పుడు ఆయన నోట ఒక మాట ఉండేది. "హో గయా సమఝియే." అయిపోయిందనుకోండి అని. అది అంటున్నప్పుడు మా వైపు చూసేవాడు కాదు, కిటికీలోంచి ఆకాశంకేసి చూసేవాడు. ఏది అయిపోయిందో ఆయన ఫోన్ పెట్టాక మాకు తెలిసేది.

మాతో ఇంకో మాట ఉండేది. "సమస్య తీసుకొని నా దగ్గరికి రావద్దు. సొల్యూషన్‌తో రా." గుమ్మంలో ఎవరు కనపడినా మొదటి ప్రశ్న అదే: "సమస్యా, సొల్యూషనా?" సొల్యూషన్ అంటే కూర్చోమనేవాడు. సమస్య అంటే కళ్ళద్దాలు తీసేవాడు. తీసి, చొక్కా కొసతో తుడవడం మొదలుపెట్టేవాడు. ఎడమ అద్దం, కుడి అద్దం, మళ్ళీ ఎడమది. అద్దాలు లేకపోతే ఆయనకు ఎదుటి మొహం ఆనదు. తన మొహం ఆనని మనిషితో చెడు వార్త చెప్పడం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు. సగంలో ఆపేసేవాళ్ళం. ఆయన అద్దాలు పెట్టుకొని, "గుడ్. చూసుకోండి" అనేవాడు.

ఇదంతా కుదుదండ్ పక్కన ఒక ప్రైవేటు కంపెనీ తన సిబ్బందికి కాలనీ కట్టించుకుంటున్న రోజుల్లో సంగతి. రాష్ట్రం కొత్తగా ఏర్పడి ఐదారేళ్ళయింది, ఊరు నాలుగువైపులా లేస్తోంది. ఆ కాలనీ కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళ తరఫున సార్ బెజవాడ వైపు నుంచి మేనేజరుగా వచ్చాడు. నేను టైమ్ కీపర్ని. పదో తరగతితో చదువు ఆపి, నాన్న లోకో షెడ్డులో ఖలాసీగా ఉన్నప్పటి నుంచీ రైల్వే వాళ్ళ లైబ్రరీలో పుస్తకాలు చదువుకున్నవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివేవాణ్ణి. కాలేజీ మొహం చూడకపోయినా కాలేజీ వాళ్ళకు తెలియనివి నాకు తెలుసని ఒక గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది, కొంచెం తగ్గింది. సార్ నన్ను పేరుతో పిలవలేదు ఎప్పుడూ. "ఏమయ్యా లైబ్రరీ" అనేవాడు. నాకది బిరుదులా ఉండేది.

సింహాచలం మావ మా హెడ్ మేస్త్రి. వాళ్ళ నాన్న బొబ్బిలి వైపు నుంచి రైల్వే క్వార్టర్లు కట్టడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మావకి చదువు రాదు, తన పేరు మాత్రం తెలుగులో రాస్తాడు, ఒక్కో అక్షరం ఇటుక పేర్చినట్టు. శ్లాబు మీదకెక్కి చిన్న సుత్తితో టక్కుమని కొట్టి, వంగి చెవి పెట్టి వినేవాడు. "ఇంకా పచ్చిగుంది" అంటే ఇక ఎవరూ దాని మీద బరువు పెట్టేవాళ్ళు కారు. సార్‌కి మావ భాష మీద సరదా. మావ "ఏటి బాబూ" అనగానే, "ఏ ఏటి సంగతి మేస్త్రీ, అరపా ఏటి సంగతేనా?" అని మా ఊరి నది పేరు చెప్పి నవ్వేవాడు. మావా నవ్వేవాడు. బయటికొచ్చి నాతో, "ఆయన మనోడురా. మనోడు కాబట్టి ఎక్కిరిస్తున్నాడు. బయటోడికి మన మాట అర్తమైతేనా ఎక్కిరించడానికి?" అన్నాడు.

ఆ "మనోడు" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మా నాన్నల కాలం నుంచీ ఈ ఊళ్ళో మాకు పని చెప్పినవాళ్ళు బెంగాలీలు, పంజాబీలు, ఇక్కడి హిందీ వాళ్ళు. మేం గొట్టాలు మోశాం, బోల్టులు బిగించాం, గోడలు కట్టాం. కుర్చీలో కూర్చొని తెలుగులో "రావయ్యా" అన్న మొదటి మనిషి సార్. ఆయన వచ్చిన వారానికే మావ ఇంటి నుంచి పైడమ్మత్త చేసిన చేపల పులుసు సైటుకొచ్చింది. ఆయన తప్పు చేస్తే మా ఇంట్లోవాడు తప్పు చేసినట్టు. నలుగురి ముందు ఆయన తల దించుకోకూడదు. ఎవరూ చెప్పకుండానే మేమందరం పాటించిన రూలు ఇది. ఆయన్ని మేం ఎండా వానా కాదు, నిజం తగలకుండా కాపాడాం.

ఇక నా పుస్తకం సంగతి. దాని అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు లేవు, పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మనుషుల చేత పనిచేయించడం గురించిన ఇంగ్లీషు పుస్తకం. అందులో ఒక చోట రాసుంది: మనిషి పదిమందిలో తన నోటితో ఒప్పుకొని, తన చేత్తో సంతకం పెట్టిన మాటను నిలబెట్టుకోవడానికి గట్టిగా పాటుపడతాడని. చదివి ఎగిరి గంతేశాను. పుస్తకం పూర్తవకుండానే మర్నాడు పొద్దున సార్ దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయన అద్దాలు తీయకుండా విన్నాడు.

"ఏమయ్యా లైబ్రరీ, ఇది ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

ఆ రోజే పెద్ద కాగితం, స్కేలు తెప్పించాడు. నేనే గీశాను, నాలుగు గళ్ళు. పని, ఎవరు, ఎప్పటికి, సంతకం. సార్ దానికి "మాట కాగితం" అని పేరు పెట్టాడు. ప్రతి సోమవారం మీటింగులో ఒక్కొక్కరూ లేచి, "ఫలానా పని ఫలానా రోజుకి అవుతుంది" అని పైకి చెప్పి సంతకం పెట్టాలి. కాగితం గోడకు అంటించేవాళ్ళం. మొదటి నెల అది నిజంగా పనిచేసింది. పైపుల వాళ్ళు టైముకొచ్చారు, కరెంటు వాళ్ళు వైర్లు లాగేశారు. నేను గోడ పక్క నుంచి నడిచినప్పుడల్లా ఆ కాగితంకేసి చూసుకుంటూ వెళ్ళేవాణ్ణి.

కాలనీలో పెద్ద పని కమ్యూనిటీ హాలు. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు శ్లాబు. ఆ ఏడు వానలు వదల్లేదు. శ్లాబు పొయ్యడం వాయిదా పడుతూ పడుతూ, చివరికి పోసేసరికి విశ్వకర్మ పూజకు పదహారు రోజులుంది. ఒకరోజు పొద్దున సార్ ఫోన్లో కిటికీకేసి చూస్తూ, "పూజా ఆప్ హాల్ మే హీ కరేంగే సాబ్. హో గయా సమఝియే" అన్నాడు. కంపెనీ యజమాని కుటుంబంతో వచ్చి ఆ హాల్లోనే పూజ చేస్తాడన్నమాట. సున్నం, దీపాలు, అలంకారం, వీటికి నాలుగు రోజులు తీసేస్తే, శ్లాబు కింద నిలబెట్టిన సెంట్రింగు కర్రలు పన్నెండో రోజున తీసెయ్యాలి.

ఆ సోమవారం మీటింగుకి ముందు టీ బండి దగ్గర ముగ్గురం నిలబడ్డాం. మావ, నేను, సెంట్రింగు పనివాళ్ళ పెద్ద బిసాహు భయ్యా. బిసాహు ఇక్కడివాడే, కర్గీ రోడ్ అవతల పల్లె.

"ఇంత ఎడల్పు శ్లాబుకి మూడు వారాలకి తక్కువ కాకుండా కర్రలుంచాల" అన్నాడు మావ, నాతో తెలుగులో, మళ్ళీ బిసాహుతో హిందీలో. "అదీ ఎండుంటే. ఈ వానలకి అదింకా పచ్చిగుంది."

"తో బోల్ దేనా, మేస్త్రీ," అన్నాడు బిసాహు, చెప్పెయ్యమని, తనూ కలిసి చెప్తానని. "మైఁ భీ సాథ్ మే బోలూంగా."

"సెప్తాను. ఈయేళ సెప్పేస్తాను. ఏటైపోద్ది?"

మీటింగులో ఆ రోజు కంపెనీ ఇంజినీరు కూడా కూర్చున్నాడు, వేరే కాంట్రాక్టర్ల మనుషులు ఇద్దరు కూర్చున్నారు. అందరూ హిందీ వాళ్ళు. సార్ హుషారుగా ఉన్నాడు. "మేస్త్రీ, సెంట్రింగ్. బారా దిన్ మే. హోగా?" అన్నాడు, పన్నెండు రోజుల్లో అవుతుందా అని.

మావ లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

కంపెనీ ఇంజినీరు నవ్వాడు. "ఆప్ కా మేస్త్రీ తో సోచ్ మే పడ్ గయా, సాబ్. ఊపర్ ఫోన్ కర్ దూఁ క్యా, కీ నహీఁ హోగా?" మీ మేస్త్రి ఆలోచనలో పడ్డాడు, కాదని పైవాళ్ళకి ఫోన్ చేసెయ్యనా అని.

సార్ మొహం ఎర్రబడింది. ఆయన మావ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. బెదిరింపు కాదు. బతిమాలుతున్నట్టుంది.

"హోగా సాబ్," అన్నాడు మావ. వచ్చి, వంగి, ఇటుక మీద ఇటుక పెట్టినట్టు తన పేరు పెట్టాడు. బిసాహు నోరు తెరిచినవాడు మూసేశాడు.

బయటికి రాగానే బిసాహు పట్టుకున్నాడు, ఇదేం పని చేశావని. "యే క్యా కియా?"

"బయటోళ్ళ ముందర మనోడ్ని ఎలా దించేత్తామురా?" అని నాతో అన్నాడు మావ, బిసాహుకి అర్థం కాదని కూడా మరిచిపోయి. "ఆళ్ళని ఎల్లనీ. లోపలికెల్లి తెలుగులో సెప్తాను. ఇంటి మాట ఇంట్లో."

వాళ్ళు వెళ్ళిపోయాక మావ సార్ గదిలోకొచ్చాడు. నేను లోపలే ఉన్నాను, కాగితం గోడకు అంటిస్తూ.

"బాబూ, ఓ మాట."

"రా మేస్త్రీ. సమస్యా, సొల్యూషనా?"

"సమస్యే బాబూ. ఆ కర్రలు పన్నెండు రోజులకి తీసీకూడదు. శ్లాబు పచ్చిగుంది."

సార్ అద్దాలు తీశాడు. ఎడమది తుడిచాడు. "ఇందాక అందరి ముందూ ఏమన్నావు?"

"అవుద్దన్నాను. బయటోళ్ళున్నారని, మీ పరువని…"

"సంతకం పెట్టావా?"

"పెట్టినాను."

"నేను చెయ్యి పట్టుకొని పెట్టించానా?"

"నేదు బాబూ."

కుడి అద్దం తుడిచాడు. "మరి ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? ఫోన్ చేసి, మా మేస్త్రి మాట మీద నిలబడేవాడు కాదు అని చెప్పనా?"

మావ గోడ మీది కాగితం చూపించాడు. "పోనీ బాబూ, నా పేరెదురుగా ఓ ముక్క రాయించండి. మేస్త్రి ఇంకో తొమ్మిది రోజులు ఉంచాలన్నాడు అని. రేపేటైనా అయితే మీకూ మంచిది, నాకూ మంచిది."

సార్ నా వైపు తిరిగాడు. అద్దాలు చేతిలోనే ఉన్నాయి. "ఏమయ్యా లైబ్రరీ, అది రాయడానికి గడి ఉందా అందులో?"

చూశాను. పని, ఎవరు, ఎప్పటికి, సంతకం.

"లేదు సార్."

"గడి లేదట మేస్త్రీ." అద్దాలు పెట్టుకున్నాడు. "వెళ్ళు, సొల్యూషన్‌తో రా."

స్కేలు నా చేతిలోనే ఉంది. ఇంకో గీత గీయడానికి అర నిమిషం పట్టదు. గీయమని ఆయన అనలేదు, గీస్తానని నేను అనలేదు.

పన్నెండో రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. మావ ముందు అందర్నీ బయటికి పంపాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి, శ్లాబు మధ్య కింద, వేలెడు ఎడం ఉంచి ఒక నూలుదారం బిగించి కట్టాడు. అప్పుడు బిసాహు మనుషుల్ని పిలిచి, మధ్య నుంచి చివరలకు ఒక్కో వరస కర్రలు విప్పించాడు. విప్పినవాళ్ళని విప్పినట్టు బయటికి పంపేశాడు. చివరికి హాల్లో ఆయనొక్కడే నిలబడ్డాడు, తల పైకెత్తి, దారంకేసి చూస్తూ. మేం గుమ్మంలో నిలబడి పిలుస్తున్నాం. "మావా, వచ్చెయ్." చెయ్యి మాత్రం ఊపాడు, ఉండండి అని.

పదకొండు దాటేసరికి శ్లాబు దిగి దారాన్ని తాకింది. ఇంకాసేపటికి దారం విల్లులా కిందికి వంగింది.

మావ బయటికొచ్చాడు. "కర్రలెట్టండ్రా! ముందు మద్దిని!" అని అరిచాడు. బిసాహు మనుషులు ప్రాణాలకు తెగించి మళ్ళీ కర్రలు పెట్టారు. శ్లాబు పడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ నడుమ విరిగిన మనిషిలా వంగిపోయి, అడుగున ఆ కొస నుంచి ఈ కొసకి బీటలు వారింది. దాన్ని కొట్టెయ్యడం తప్ప చేసేదేం లేదు. సార్ పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి పైకి చూశాడు. చూసి, అద్దాలు తీసి, తుడుచుకున్నాడు. ఆ రోజు చాలాసేపు తుడిచాడు.

విశ్వకర్మ పూజ వేరేచోట జరిగింది. వారం తర్వాత హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. సార్ గోడ మీది కాగితం జాగ్రత్తగా ఊడదీసి వాళ్ళ ముందు పెట్టాడు. నన్ను పిలిచారు. రెండే ప్రశ్నలడిగారు.

"ఇది మేస్త్రి సంతకమేనా?"

"అవునండి."

"ఎవరైనా బలవంతంగా పెట్టించారా?"

"లేదండి."

"సరే, వెళ్ళు."

నాకింకా చెప్పాల్సింది ఉందని ఒక్క క్షణం నిలబడ్డాను. ఒకాయన తలెత్తి, "ఇంకేంటి?" అన్నాడు. నేను సార్ వైపు చూశాను. ఆయన మొహం వాడిపోయి ఉంది. మనోడు. నలుగురి ముందు. "ఏం లేదండి" అని వచ్చేశాను.

బయట గోడ నీడన మావ కూర్చున్నాడు. "ఏటడిగినారు?" అన్నాడు. చెప్పాను. "నిజమే కదేటి. నిజమే సెప్పినావు" అన్నాడు. ఆయన వెక్కిరించలేదు. నన్ను ఓదార్చాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ సాయంత్రమే మావని మానిపించారు. పోతున్నప్పుడు సార్ ఆయనతో, "నమ్మాను మేస్త్రీ నిన్ను. అవుతుందన్నావు, నమ్మాను" అన్నాడు. అది నటన కాదని ప్రమాణం చేసి చెప్పగలను. మేస్త్రి తనకు ద్రోహం చేశాడని ఆయన నిజంగానే అనుకున్నాడు. తన గదిలో తాను విన్నది కాక, గోడ మీద రాసున్నదే ఆయనకు గుర్తుంది. ఆ తర్వాత కూడా సోమవారం మీటింగులు జరిగాయి. కొత్త కాగితం గీయమన్నాడు. గీశాను, నాలుగు గళ్ళే. అందరూ గబగబా సంతకాలు పెట్టేవాళ్ళు, ఎవరూ ఏమీ చదివేవాళ్ళు కారు. పనులు మాత్రం ఏ రోజుకీ అయ్యేవి కావు.

మావకి ఊళ్ళో పేరు పోయింది. శ్లాబు కుంగబెట్టిన మేస్త్రి అన్నారు. పెద్ద పనికి ఎవరూ పిలవలేదు. బాత్‌రూముల్లో టైల్సు అతికించడం, గోడలకు మాట్లు వెయ్యడం, ఇవే మిగిలాయి. సుత్తితో కొట్టి శ్లాబు మాట వినే మనిషి, ఇళ్ళవాళ్ళు చెప్పిన చోట మేకు కొట్టి పెడుతున్నాడు.

ఆ చలికాలం నేను అట్టలేని పుస్తకాన్ని మళ్ళీ తీసుకున్నాను. నేను ఆపేసిన చోటు తర్వాత రెండో పేజీలో ఉంది. సంతకం తీసుకునే ముందు, ఇది ఎందుకు కుదరదో చెప్పమని ప్రతివాణ్ణీ విడిగా అడగాలని, అడిగి అది కూడా రాసుకోవాలని, అలా అడగని చోట సంతకానికి విలువ లేదని. రెండు పేజీలు. అంత తొందరపడి ఉండకపోతే చదివేవాణ్ణి. పుస్తకాలు చదువుతానని గర్వపడేవాణ్ణి కదా, సగం పుస్తకం చదివినవాడి వల్ల ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ చూడలేదు.

సార్‌ని చివరిసారి రెండేళ్ళ క్రితం బిలాస్‌పూర్ స్టేషన్లో చూశాను. వేరే ఊరి సైటుకి మారాక, సంఘం పని మీద వచ్చి వెళ్తున్నాడు. "ఏమయ్యా లైబ్రరీ!" అని కేకేశాడు. బెంచీ మీద కూర్చోబెట్టి, సంచీలోంచి కమలాపండు తీసి, తొక్క తెగకుండా వొలిచాడు. ఎప్పటిలాగే మా అమ్మనీ, మా అమ్మాయి చదువునీ అడిగాడు. తర్వాత, "మేస్త్రి ఎలా ఉన్నాడు?" అన్నాడు. ఆయనంతట ఆయనే అడిగాడు.

ఇన్నాళ్ళకి అడిగాడు, చెప్పెయ్యాలనుకున్నాను. "మావకి పని లేదు సార్. ఆ రోజు మీ గదిలో ఆయన…" అని మొదలుపెట్టాను.

సార్ అద్దాలు తీశాడు.

చేతులకు కమలాపండు రసం అంటుకొని ఉంది. దాంతోనే తుడుస్తున్నాడు, అద్దాలు ఇంకా మసకబారుతున్నాయి. వయసు మీద పడింది. బండి వచ్చే చప్పుడు వినపడింది.

"బాగానే ఉన్నాడు సార్," అన్నాను.

"గుడ్," అని అద్దాలు పెట్టుకున్నాడు. నా చేతిలో తొనలన్నీ పెట్టి బండెక్కాడు. తనకొక్కటీ ఉంచుకోలేదు.

ఆ తర్వాత వచ్చింది చావు కబురే. సైటు గెస్ట్‌హౌస్‌లో గుండె ఆగిపోయిందట. నాలుగు రోజులుగా నెప్పి అంటున్నాడనీ, డాక్టరు దగ్గరికి వెళ్దాం అని ఎవరూ గట్టిగా అనలేకపోయారనీ అక్కడి మనిషి ఒకడు చెప్పాడు. ఎందుకు అనలేకపోయారో నేను అడగలేదు.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళను తలుచుకోవాలి. అట్టలేని పుస్తకాన్ని మూడోసారి బీరువాలోంచి వెతికి తీసిన లైబ్రరీ ఘనశ్యామ్‌జీకి, కర్రలు విప్పిన రోజు ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో నేల మీద గీసి చూపించిన బిసాహు భయ్యాకి, ఇలా రాస్తున్నానని తెలిసీ వద్దనని సంఘం కార్యదర్శి అప్పారావు గారికి, "పాపా, యే అక్షర్ క్యా హై" అని ఒక్కో అక్షరం అడిగి అడిగి తెలుగు కూడబలుక్కుంటూ దీనికి మంచి ప్రతి రాసిపెట్టిన మా అమ్మాయి పద్మకి, మూడు రోజులు మావ ఇంట్లో మాకు టీలు పోసిన పైడమ్మత్తకి, నా నమస్కారాలు.

అందరికంటే ఎక్కువ సింహాచలం మావకి. ఇదంతా మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. కళ్ళు మూసుకొని, శ్లాబు మీద చెవి పెట్టి విన్నట్టు విన్నాడు. రెండు చోట్ల దిద్దించాడు. దారం వేలెడు ఎడం అన్నాడు, నేను జానెడని రాశాను. సార్ చూపు బెదిరింపు కాదు, బతిమాలడం అన్నాడు, నేను బెదిరింపని రాశాను. దిద్దాను. అన్నీ సరిపోయాయా అంటే, "సరిపోనాయి" అన్నాడు. అయితే నువ్వు విన్నావని, ఇది నిజమేనని కింద నీ పేరు పెట్టు మావా అని కలం ఇచ్చాను.

ఆయన కలం తీసుకోలేదు. రెండు చేతులూ తువ్వాల్లో చుట్టుకున్నాడు.

"వొద్దురా," అన్నాడు. "నాను కాయితాల మీద పేరు పెట్టడం మానీసినాను."